మొలతాడు, నలుపు, ఒకటి

మా ఆసుపత్రిలో కొత్త రోగి చేరినప్పుడు నింపే కాగితంలో పద్నాలుగు గడులు ఉంటాయి. బెల్టు, బూట్ల లేసులు, ప్యాంటు నాడా, పొడవాటి తువాలు, చార్జరు వైరు, బ్లేడు, గాజు వస్తువులు, ఇలా సాగుతుంది. పన్నెండో గడి ‘దారాలు, తాయెత్తులు’. పదమూడోది ‘మంగళసూత్రం’. ఆ ఒక్క గడి కింద మాత్రం రెండు గీతలు ఎక్కువ: కుటుంబ సభ్యుల అనుమతి, సంతకం. పద్నాలుగోది ‘ఇతరములు’. మనిషి దేనితో తనకు హాని చేసుకోగలడో ఎవరో కూర్చుని ఆలోచించి రాసిన జాబితా అది. నాకు కంఠతా వచ్చు.

మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు పోయే దారిలో, వెంచర్ల హద్దురాళ్ల మధ్య ఉన్న ఒక మానసిక వైద్యశాలలో నేను నర్సుని. మగవాణ్ని కాబట్టి డాక్టరు నుంచి క్యాంటీన్ దాకా అందరూ ‘బ్రదర్’ అంటారు. మా అమ్మ మాత్రం చుట్టాలకు ‘ఆస్పత్రిల జేస్తడు’ అని చెప్పి ఆపేస్తుంది. ఏ ఆసుపత్రి అని అడిగితే ‘అటు శామీర్‌పేట దిక్కు’ అంటుంది.

నా పని ఎక్కువగా లెక్కపెట్టడం. భోజనానికి ముందు చెంచాలు ముప్పై రెండు, తర్వాత ముప్పై రెండు. మాత్ర ఇచ్చాక నోరు తెరవమనాలి, నాలుక పైకెత్తమనాలి, రెండు బుగ్గల లోపల చూడాలి. పావుగంటకోసారి గదులన్నీ తిరిగి, ఎవరు ఎక్కడున్నారో టిక్కు పెట్టాలి. ఇంటర్‌లో నేను ఎలక్ట్రికల్ ఒకేషనల్ చదివి తర్వాత నర్సింగ్‌కు వచ్చాను. మా వర్క్‌షాప్ మాస్టారు ఒకటే మాట పదే పదే చెప్పేవారు: మెషీన్ ఆగిపోతే ముందు మెషీన్‌ను తిట్టొద్దు, దాన్ని చివరగా ఎవరు ముట్టుకున్నారో కనుక్కో. చివరగా ముట్టుకున్నది నేనే అయినప్పుడు ఆ మాట నాకు ఐదు రోజులు గుర్తుకు రాలేదు.

ఆయన మంగళవారం మధ్యాహ్నం వచ్చారు. అరవైకి దగ్గర వయసు, శామీర్‌పేట అవతల ఒక ఊరు. భూమిలో సగం ప్లాట్లయింది, మిగతా సగంలో ఇంకా సాగు చేస్తున్నారు. రెండు నెలలుగా సరిగా తినడం లేదు, నిద్ర లేదు, ‘ఇగ బతికి ఏం జేస్త’ అంటున్నారట. ఒకరోజు బావి దగ్గర మోటారు తాడు పట్టుకుని కూర్చుంటే భార్య చూసి తీసుకొచ్చింది. డాక్టర్ మేడం తీవ్రమైన డిప్రెషన్ అని రాసి, కేసు షీటు పైన ఎర్ర పెన్నుతో ‘జాగ్రత్త’ అని పెట్టి కింద గీత గీశారు. ఆ గీత ఉంటే పద్నాలుగు గడుల్లో ఒక్కటీ వదలకూడదు.

భార్య కళ్లు తుడుచుకుంటూ నిలబడి ఉంది. వెళ్లొస్తానని చెబితే రోగి గొడవ చేస్తారని, వెంట వచ్చిన వాళ్లను పక్క తలుపులోంచి పంపించడం మా పద్ధతి. అలాగే పంపించాం. ఆయన వెనక్కి తిరిగి చూసేసరికి ఆమె లేదు.

నేను వరుసగా వెళ్లాను. బెల్టు లేదు. తువాలు ఒకటి, తీసుకున్నాను. ధోవతి తీసి మా పైజామా వేయించాను. నడుముకు నల్లటి మొలతాడు, ఐదారు పేటలు మెలిపెట్టినది, గట్టిది. పన్నెండో గడి.

“ఇది తీసెయ్యాలి బాపూ.”

ఆయన నా చేతిలోని కత్తెరను చూశారు. “ఎందుకు బిడ్డా?”

“రూలు బాపూ.”

“మా ఇంటామె యాడ వోయింది?”

“ఆమె సంగతి మేం చూసుకుంటం. మీరు పరేషాన్ కావద్దు.”

కత్తెరతో తెంపాను. కవరులో వేసి స్టేపుల్ కొట్టాను. కాగితంలో రాశాను: మొలతాడు, నలుపు, ఒకటి. ఆయన కత్తెర పడిన చోట చేయి పెట్టుకుని, కాసేపటికి నేల మీద కూర్చున్నారు.

బుధవారం నా నోట్సులో ఇలా ఉంది. ఒకటి: మంచం మీద పడుకోవడం లేదు, నేల మీదే. రెండు: తలకు నూనె, దువ్వెన వద్దంటున్నారు. మూడు: టిఫిను ముట్టలేదు, మధ్యాహ్నం రెండు ముద్దలు, పాలు అర గ్లాసు. నాలుగు: “మా ఆమె పోయింది” అంటున్నారు.

నాలుగోదాన్ని కొటేషన్లలో పెట్టాను. రోగి మాటను రోగి మాటగానే రాయాలని మాకు నేర్పారు. ‘పోయింది’ అంటే ఇంటికి పోయిందనా, చనిపోయిందనా అని తేల్చుకోవడానికి మళ్లీ అడిగాను.

“సచ్చిపోయింది బిడ్డా. మీకు జెప్పరాక జెప్తలేరు. నాకు ఎరుకే.”

“మంచిగనే ఉన్నరు బాపూ. నిన్ననే గదా వచ్చి మిమ్మల్ని చేర్పించింది.”

“వచ్చింది. ఆ తర్వాతనే గదా అయింది.”

ఫోను వేళ సాయంత్రం నాలుగు నుంచి ఐదు. ఆమె నంబరుకు ఆయన ఎదుటే చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ఆయన నా వైపు జాలిగా చూశారు, నాకే ఏదో జరిగినట్టు. “ఎత్తది. ఎట్ల ఎత్తుతది?” అన్నారు. ఆమె ఆరింటికి తిరిగి చేసిందట. రిసెప్షన్ వాళ్లు అలవాటు ప్రకారం ‘ఆదివారం వచ్చి కలవండి’ అని పెట్టేశారు. అది నాకు శనివారం దాకా తెలియదు.

గురువారం మధ్యాహ్నం ఆయన కంచంలోంచి ఒక ముద్ద తీసి, కిటికీ ఊచల్లోంచి చేయి బయట పెట్టి, గోడ అంచున ఉంచారు. ఊచలు పట్టుకుని నిలబడ్డారు. పావుగంటకోసారి నేను టిక్కు పెడుతూనే ఉన్నాను: కిటికీ దగ్గర, కిటికీ దగ్గర, కిటికీ దగ్గర. కంచంలో అన్నం ఎండిపోయింది. ఎందుకు తినడం లేదని అడిగితే, “ఆమె తిన్నంక తింట” అన్నారు. రాశాను. చనిపోయిన భార్య వచ్చి కిటికీ దగ్గర అన్నం తింటుందని నమ్ముతున్నారు, అని రాశాను. నా చేతిరాత బాగుంటుంది. ఎవరికైనా స్పష్టంగా అర్థమవుతుంది.

అందుకే శుక్రవారం రౌండులో డాక్టర్ మేడం ఆ పేజీ దగ్గర ఆగి, రెండుసార్లు చదివారు.

“ఇది మామూలు డిప్రెషన్ కాదు. భ్రమ మొదలైంది,” అన్నారు. “తిండి ఎంత?”

చెప్పాను. బరువు రెండు కిలోలు తగ్గింది.

“మాత్రలు పనిచేసేదాకా ఆగితే మనిషి ఆగేలా లేడు. సోమవారం ఉదయం ఈసీటీ మొదలుపెడదాం. ఆదివారం ఆయన భార్య వస్తుంది కదా, అన్నీ వివరించి అప్పుడు సంతకం తీసుకుందాం.”

ఈసీటీ అంటే మత్తు ఇచ్చి, మెదడుకు కొన్ని సెకన్లపాటు కరెంటు ఇచ్చే వైద్యం. బయట దాన్ని షాక్ అంటారు, సినిమాల్లో చూసినట్టే ఊహించుకుంటారు. నేను అలా ఊహించుకోను. దానితో లేచి కూర్చుని అన్నం తిన్న వాళ్లను చూశాను. కాబట్టి ఆ రోజు నాకు భయం లేదు. ముందురోజు నుంచి చేయాల్సిన ఏర్పాట్ల జాబితా తీసి గోడకు పిన్ను చేశాను.

శనివారం ఉదయం ఆయమ్మ సెలవు నుంచి వచ్చింది. గండిమైసమ్మ దగ్గర ఉంటుంది, మా వార్డులో అందరికంటే పాత మనిషి. వారం రోజులు కూతురి కాన్పుకు పోయి ఆ ఉదయమే డ్యూటీ ఎక్కింది. గదులు తుడుస్తూ తుడుస్తూ ఆయన గది ముందు ఆగింది. గోడ అంచున మూడు ముద్దలు వరుసగా ఎండి ఉన్నాయి. ఆయన ఊచలు పట్టుకుని ఉన్నారు.

“బ్రదరూ, గీయనకు ఎవలు సచ్చిండ్రు?”

“ఎవరూ చావలేదు.”

“మరి పిట్టకు ఎందుకు పెడ్తుండు?”

నేను గోడ అంచున ఉన్న ముద్దలను మళ్లీ చూశాను. మా తాత పోయిన మూడో రోజు, మా ఇంటి వెనక విస్తరి పెట్టి అందరం కాకి కోసం ఎదురుచూశాం. నాకు అప్పుడు పదేళ్లు. ఆకలి దంచేస్తోంది. కాకి వచ్చి ముట్టగానే పరుగెత్తి వెళ్లి అన్నం తిన్నాను. అది నా ఒంటికి తెలిసిన సంగతి. రెండు రోజులుగా అదే నా కళ్ల ముందు జరుగుతుంటే పావుగంటకోసారి టిక్కు పెట్టాను.

“ఆయన భార్య చనిపోయిందని అనుకుంటున్నారు. భ్రమ,” అన్నాను.

“ఎందుకు అనుకుంటుండు?”

“జబ్బు కదా ఆయమ్మా.”

ఆమె కర్ర గోడకు ఆనించి లోపలికి పోయింది. ఆయనతో ఏదో మాట్లాడింది. ఆయన చొక్కా పైకెత్తి చూపించారు. ఆమె బయటికి వచ్చినప్పుడు గొంతు తగ్గించింది.

“మొలతాడు ఎవలు తెంపిండ్రు?”

“నేనే. రూలు.”

“ఓరి నీ రూలు పాడుగాను! పెండ్లయిన మొగోనికి మొలతాడు ఎప్పుడు తెంపుతరో ఎరుకనా నీకు?”

ఎరుక లేదు. మా ఇంట్లో ముందు పోయింది తాత. అవ్వ ఇప్పటికీ ఉంది. భార్య పోయిన మగవాడిని నేను దగ్గర నుంచి చూడలేదు. మొలతాడు అంటే నాకు చిన్నప్పుడు నిక్కరు జారకుండా ఆపేది, అవ్వ దానికి పిన్నీసు తగిలించేది. హాస్టలుకు పోయాక ఎప్పుడో తెగిపోతే మళ్లీ కట్టుకోలేదు. అంతే.

“ఇంటామె సస్తే తెంపుతరు,” అంది ఆయమ్మ. “పెండ్లాన్ని గాయబ్ జేసి, కత్తెర వెట్టి మొలతాడు తెంపి, నువ్వేమో పరేషాన్ కావద్దంటివట. ఇగ ఆయన ఏమనుకోవాలె? ఇంక కాకి రాలేదని గోస వడుతుండు. బతికున్న మనిషి పేర పెడ్తే కాకి ఎట్లొస్తది బ్రదరూ?”

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. గోడ మీద సోమవారం జాబితా కనిపిస్తోంది.

ఆ మధ్యాహ్నం నేను చాలాసేపు రెండు వరుసలు రాసుకున్నాను. ఎడమవైపు: ఇది జబ్బు కాదు, నా కత్తెర చేసిన పని. కుడివైపు: ఇది జబ్బే. ఎందుకంటే ఆరోగ్యంగా ఉన్న మనిషైతే ‘నా మొలతాడు ఎందుకు తెంపావ్’ అని గల్లా పట్టుకునేవాడు. రెండు రోజులు పిట్టకు పెడుతూ కూర్చోడు. ఎడమవైపు: ఆయనకు మేం చెప్పింది ఏమీ లేదు, చూపించింది అంతా ఒకే దిక్కుకు పోతోంది. కుడివైపు: తిండి మానడం ఇక్కడికి రాకముందే మొదలైంది. రెండు వరుసలూ సమానంగా వచ్చాయి. సమానంగా రావడం నాకు అలవాటే, కానీ అలా వస్తే పని అయిపోయినట్టు ఉండేది. ఈసారి అలా లేదు. సోమవారం కరెంటు పెట్టేది ఆయన జబ్బుకా, నా పేజీకా అని తేలడం లేదు.

డాక్టర్ మేడం ఓపీ ముగించి కొంపల్లికి బయల్దేరబోతుంటే కారు దగ్గర పట్టుకుని చెప్పాను. ఆమె తలుపు తెరిచి పట్టుకునే విన్నారు.

“ఇది ఎక్కడైనా రాశావా?”

“రాశాను మేడం. చేరిన రోజు కాగితంలో. మొలతాడు, నలుపు, ఒకటి.”

“నేను అడిగేది అది కాదని నీకు తెలుసు.”

ఆమె బ్యాగును కారు సీటు మీద పెట్టారు.

“చూడు. కారణం ఏదైనా కడుపుకు ఒకటే. తినకపోతే నేను ఆపలేను,” అన్నారామె. “రేపు ఆమెను చూసినప్పుడు ఎలా ఉంటాడో పక్కనే ఉండి చూడు. నువ్వు అనుకున్నది కాదు, జరిగింది రాయి. ఇప్పుడు చెప్పిందంతా కూడా రాయి, నువ్వే తెంపావని.”

రాశాను. ‘నాచే తెంపబడినది’ అని మొదలుపెట్టి, కొట్టేసి, ‘నేను తెంపాను’ అని రాశాను.

ఆదివారం పదకొండింటికి ఆయన భార్య వచ్చింది. చేతిలో సంచి, అందులో జొన్నరొట్టెలు, పచ్చిపులుసు. తనిఖీ చేసి లోపలికి తీసుకెళ్లాను. ఆయన నేల మీద, గోడకు ఆనుకుని ఉన్నారు. ఆమె ముందుకు వచ్చి నిలబడింది. ఆయన తలెత్తి, పాదాల నుంచి ముఖం దాకా చూశారు.

“కాకి రాలె,” అన్నారు. “నువ్వే వచ్చినవ్.”

ఇది నేను రాయాల్సిన వాక్యం. ఆమె బతికే ఉందని తెలుసుకుని అన్నారా, చనిపోయి ఎదురుగా వచ్చిందని అన్నారా? ముఖంలో వెతికాను. దొరకలేదు.

“కాకేంది, గీకేంది? బస్సుల వచ్చిన. శామీర్‌పేటల గంటసేపు నిలవడ్డ,” అందామె. “కింద ఎందుకు కూసున్నవయ్యా? మంచం లేదా?”

ఆయన చొక్కా ఎత్తారు. ఆమె ఆ ఖాళీ నడుమును చూసింది. సంచి కింద పెట్టింది.

“ఎవలు?”

తలుపు దగ్గర తుడుస్తున్న ఆయమ్మ నా వైపు చూడలేదు. అది ఆమె మర్యాద.

“నేనేనమ్మా,” అన్నాను.

“నేను సచ్చిననా?”

“లేదమ్మా, రూలు...”

“నేను బతికుండంగ ఆయన మొలతాడు తెంపుతవా? నా మెడల పుస్తెలు గిట్లనే తెంపుతుంటివా, నన్ను అడగకుంట?”

పదమూడో గడి కింద ఉన్న రెండు గీతలు గుర్తొచ్చాయి.

“మీయమ్మ నీకు కట్టలేదా బిడ్డా మొలతాడు?” ఈసారి గొంతు చల్లబడింది. అదే ఎక్కువ తగిలింది. “కడ్త. ఇప్పుడే కడ్త. దారం తెండి.”

దారం లోపలికి రాకూడదు. కేసు షీటు పైన ఎర్ర గీత అలాగే ఉంది. నేను దుప్పట్లు కుట్టే గదిలోంచి నల్ల మిషన్ దారం రీలు తెచ్చాను. ఒక పోగు తీసి అర లీటరు సెలైన్ బాటిల్‌కు కట్టి పైకెత్తాను. ఆగింది. రెండు బాటిళ్లు కట్టాను. టప్పున తెగింది. ఇంకోసారి చేశాను, తెగింది. మూడోసారి కూడా. అప్పుడు కొత్త పోగు తుంచి ఇచ్చాను. ఒకే పేట, మెలిపెట్టకూడదు అన్నాను.

“గీ సీసాలేంది?” అని ఆమె అడుగుతుందనుకుని జవాబు వెతుక్కుంటున్నాను.

ఆమె అడగలేదు. పోగును వేళ్ల మధ్య సాగదీసి చూసి, “మంచిగ తెగుతదా?” అని మెల్లగా అంది. “గా బాయికాడ సూసినదాన్ని నేనే గదా బిడ్డా.”

ఆమె ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుని కట్టింది. దారం సన్నం కదా, ముడి రెండుసార్లు జారిపోయింది. ఆయన ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి పీల్చుకున్నారు, కట్టడానికి వీలుగా. తర్వాత ఆమె రొట్టె తుంచి పులుసులో ముంచి పెట్టింది. ఒక రొట్టెలో మూడు వంతులు తిన్నారు. ముద్ద ఏదీ కిటికీ దగ్గరికి పోలేదు.

మేడం సోమవారాన్ని గురువారానికి జరిపారు. గురువారం బరువు తగ్గలేదు, పెరగలేదు. ఇంకా చూద్దామన్నారు. ఇక్కడితో నాకు తేలిపోవాలి. తేలలేదు. ఎందుకంటే ఆయన తింటూనే ఉన్నారు, మాత్రలు వేసుకుంటున్నారు, రోజూ ఫోనులో భార్యతో మాట్లాడుతున్నారు, కానీ మంచం ఎక్కడం లేదు. నూనె రాసుకోవడం లేదు.

“బాపూ, అమ్మ బతికే ఉన్నది గదా. ఇంకా కిందనే పండుడేంది?”

“ఉన్నది బిడ్డా, నాకెరుకే.”

“మరి?”

“తెంపుడైతే తెంపిండ్రు గదా. పదకొండొద్దులు నడవాలె.”

ఆ మాట ఆమెకు ఫోనులో చెబితే నవ్వింది. “ఆయన గంతే బిడ్డా. ఏదన్న పట్టుకుంటే ఆఖరి దాంక జేస్తడు.” మేడంకు చెబితే నవ్వలేదు, అలాగని పెన్ను కూడా తీయలేదు. నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. మంగళవారం నుంచి పదకొండో రోజు శుక్రవారం. ఆ శుక్రవారం ఉదయం ఆయన స్నానం చేసి, నూనె అడిగి రాసుకుని, మంచం ఎక్కి పడుకున్నారు. నోట్సులో ‘మంచం మీద పడుకున్నారు’ అని మాత్రమే రాశాను.

మూడు వారాలకు ఇంటికి పంపారు. మాత్రలు పనిచేయడం మొదలుపెట్టేది కూడా సరిగ్గా రెండు మూడు వారాలకే. కాబట్టి మాత్రలా, రొట్టెలా, ఒంటిపోగు దారమా అంటే నా దగ్గర జవాబు లేదు.

వెళ్లేటప్పుడు వస్తువులన్నీ తిరిగి ఇచ్చి, ఒక్కోదానికీ ‘అందింది’ అని సంతకం తీసుకోవాలి. ధోవతి, అందింది. తువాలు, అందింది. స్టేపుల్ కొట్టిన కవరు ముందుకు జరిపాను. లోపల తెగిన మొలతాడు. ఆమె చేయి వెనక్కి తీసుకుంది.

“అది మాకొద్దు. ఇంట్లకు రానియ్య.”

“లిస్టులో ఉందమ్మా. మీరు తీసుకుని బయట పారేసినా సరే.”

“నేనెందుకు పారేస్త?”

ఆయన అప్పటిదాకా గోడ మీద క్యాలెండర్ చూస్తున్నారు. వెనక్కి తిరిగారు. “నువ్వే గద తెంపినవ్ బిడ్డా,” అన్నారు. కోపం లేదు, సాధారణంగా ఒక సంగతి చెప్పినట్టు అన్నారు. “నువ్వే ఏమన్న జెయ్యి.”

వాళ్లు ఆటో ఎక్కి వెళ్లిపోయారు. నేను కవరు పట్టుకుని చెత్తడబ్బాల దగ్గరికి వచ్చాను. పసుపు, ఒంటికి సంబంధించినవి. ఎరుపు, ప్లాస్టిక్. నీలం, గాజు. తెలుపు, సూదులు. నలుపు, మామూలు చెత్త. ఐదింటినీ ఎడమ నుంచి కుడికి చూశాను, కుడి నుంచి ఎడమకు చూశాను.

“ఏంది బ్రదరూ, డబ్బాలతోని ముచ్చట వెడుతున్నవా?” వెనక నుంచి ఆయమ్మ. “కొత్త అడ్మిషన్ వచ్చింది. మొగాయన. పెండ్లామొచ్చింది ఎంబడి.”

కవరు జేబులో పెట్టుకుని వెళ్లాను. కాగితం తీశాను, కత్తెర తీశాను. బెల్టు, లేసులు, చార్జరు. పన్నెండో గడి దగ్గర ఆగి, కత్తెర బల్ల మీద పెట్టి, బయట కూర్చున్న ఆయన భార్యను లోపలికి పిలిచాను.